పిస్టన్ మీద గోధుమపిండి

ఎనభైల మొదట్లో రాస్ అల్ ఖైమాలో క్వారీ లారీలు బాగుచేసే గ్యారేజీలో పనిచేసేవాణ్ణి. మా ఉస్తాద్ నిజామాబాద్ వైపు మనిషి. ఒకరోజు పొద్దున్నే ఒక ఇంగ్లీషు జంట పికప్‌లో పెద్ద టూరింగ్ మోటార్‌సైకిల్‌ను ఎక్కించుకుని వచ్చారు. దూరప్రయాణాలకు చేసిన బండి, రెండు వైపులా సామాను పెట్టెలు. బొంబాయిలో కొన్నేళ్లు ఉన్నారట, ఇద్దరూ హిందీ మాట్లాడేవారు.

ఇంజన్‌లో వాల్వులను తెరిచి మూసే ఇరుసు, క్యామ్‌షాఫ్ట్, అరిగిపోయింది. దాని బదులు పాతదానికంటే జోరైనవి రెండు తమ దేశం నుంచి తెప్పించుకున్నారు. ఒకటి వాల్వును కొంచెం ఎక్కువ ఎత్తుతుంది, ఇంకొకటి చాలా ఎక్కువ. ఏది వేయాలో మమ్మల్నే చెప్పమన్నారు.

"సాబ్, మీరు ఎంత స్పీడు మీద పోతారు?" అని భర్తను అడిగాను.

ఆయన నవ్వాడు. "నేను వెనక కూర్చుంటాను. నడిపేది ఈమె."

నా చేతిలో పానా అలాగే ఉండిపోయింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి, జుట్టు సగం నెరిసింది. మా ఊళ్లో ఆడవాళ్లు సైకిల్ తొక్కడం కూడా నేను చూడలేదు.

"నాకు స్పీడు అక్కర్లేదు," అందామె. "ఫుజైరా కొండదారిలో ఇద్దరం సామానుతో ఎక్కుతుంటే గేరు దించకుండా లాగాలి."

అది విన్నాక, తక్కువ స్పీడులో లాగడానికి చిన్నదే నయమని చెప్పాల్సింది. కానీ ఉస్తాద్ పెద్దదాన్ని చేతిలో తిప్పి చూస్తూ, "గీదే ఎయ్ రా. పెద్దదుంటె తాకత్ గూడ పెద్దగుంటది," అన్నాడు. నేనూ వంతపాడాను. క్యామ్ మార్చిన అనుభవం మా ఇద్దరికీ లేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ అనిపించింది.

ఆమె ఒప్పుకుంది. ఒకటే షరతు పెట్టింది. "స్టార్ట్ చేసేముందు పిస్టన్ మీద మెత్తటి ముద్ద పెట్టి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత సందుందో చూడండి."

వాళ్లు వెళ్లాక ఉస్తాద్ విసుక్కున్నాడు. "టైమ్ ఖరాబ్. బిగించెయ్."

నాకెందుకో మనసొప్పలేదు. క్యాంపు వంటగది నుంచి చపాతీపిండి ముద్ద తెచ్చి, నూనె రాసి పిస్టన్ మీద పెట్టాను. పెద్ద క్యామ్‌తో పైభాగం బిగించి, రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పాను. వాల్వు దిగినచోట పిండి ఉల్లిపొరంత మిగిలింది. దాని కింద పిస్టన్ మెరుస్తూ కనిపిస్తోంది.

చేత్తో మెల్లగా తిప్పితేనే ఇంత దగ్గరకు వచ్చింది. ఇక పరుగు మీద, లోహం వేడెక్కాక? వాల్వు పిస్టన్‌ను గుద్దుతుంది. లోయ పక్కన మలుపులో ఇంజన్ పట్టేస్తే వెనకచక్రం ఆగిపోతుంది. బండి మీద ఇద్దరు మనుషులు.

ఉస్తాద్ వంగి చూశాడు. పిండిని వేలితో తడిమాడు. "చిన్నది పెట్టెయ్. ఆమెకు చెప్పకు. ఖలాస్," అన్నాడు.

"చెప్పకుంటె ఎట్ల అన్నా? ఎయ్యుమన్నది మనమే గద."

సాయంత్రం ఆమె వచ్చినప్పుడు ఆ పిండిముద్దను బ్లేడుతో కోసి చూపించాను. "తప్పు మాదే మేడమ్," అన్నాను. ఆమె ముద్దను చేతిలోకి తీసుకుని చూసింది. అక్కడున్న పాత టైరు మీద కూర్చుంది. భర్త ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

లేచి, "చిన్నది కూడా ఇలాగే చూడు," అంది.

చూశాను. ఈసారి పిండి మందంగా మిగిలింది. స్కేలు పెట్టి తనే కొలుచుకుని తలూపింది.

బండి సిద్ధమైన రోజు భర్తను పికప్‌లో రమ్మని, నన్ను వెనక ఎక్కమంది. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు. ఫుజైరా దారిలో మసాఫీ ఊరు దాటాక ఎత్తులో రాళ్ల లారీ ఒకటి ముక్కుతూ పోతోంది. ఆమె గేరు దించకుండానే దాన్ని దాటేసింది. పైన బండి ఆపి, హెల్మెట్ తీసి, "బాగా లాగుతోంది," అంది.

నేను కిందికి దిగాను. పక్కనే లోయ; పెద్దది వేసి ఉంటే ఇంజన్ ఇక్కడే పట్టేసేది. రోడ్డు పక్కనే కూర్చున్నాను.