రైఫిల్ బాగానే ఉంది సార్

నేను ఆర్మరర్‌ని. సాయుధ పోలీసు దళంలో రైఫిళ్లు విప్పి, శుభ్రం చేసి, చెడిపోయినవి బాగుచేసి మళ్లీ బిగించడం నా పని. ఆదివారం మా చర్చి సంఘంలో నేనొక పెద్దను. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్లెం పట్టుకుని వరుసల మధ్య నడుస్తాను.

మా దగ్గర ఇంకా పాత ఎస్.ఎల్.ఆర్. రైఫిళ్లే ఉన్నాయి. గుండు పేలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత బ్యారెల్ పైనున్న సన్నటి రంధ్రంలోంచి వచ్చి పిస్టన్‌ను వెనక్కి తంతుంది. ఆ తన్నుకు ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, కొత్తది లోపలికి ఎక్కుతుంది. గ్యాస్ చాలకపోతే ఇవేవీ జరగవు. సముద్రపు ఒడ్డున మైపాడు వైపు బందోబస్తుకు వెళ్లి వచ్చిన రైఫిల్‌కు ఏం పట్టి ఉంటుందో విప్పకముందే చెప్పగలను. పిస్టన్ మీద ఉప్పుగాలి తుప్పు, సందుల్లో ఇసుక. అప్పుడు గ్యాస్ రింగు రెండు క్లిక్కులు తిప్పి బిగిస్తే తన్ను పెరిగి రైఫిల్ నడుస్తుంది. ఇది ప్రతి కానిస్టేబుల్‌కూ నేర్పుతాం.

నేర్పనిది ఒకటుంది. ఆ రింగు ముందర గ్యాస్ ప్లగ్గు ఉంటుంది. దాన్ని తిరగేసి పెడితే గ్యాస్ దారి పూర్తిగా మూసుకుపోతుంది. రైఫిల్‌తో గ్రెనేడ్ విసరాల్సినప్పుడు అలా పెట్టాలి. మా దళంలో అలా విసిరినవాణ్ని నేను చూడలేదు. కాబట్టి ప్లగ్గు ఎటు ఉందో ఎవరూ చూడరు.

సోమవారం వార్షిక ఫైరింగ్ పరీక్ష. అంతకుముందు శనివారం సాయంత్రం వరసగా రైఫిళ్లు తనిఖీ చేస్తున్నాను. ఇందుకూరుపేటలో ఒక విశ్వాసి ఇంట్లో ప్రార్థన కూటం ఉంది, వాక్యం చెప్పవలసింది నేను. ఆఖరి రైఫిల్ ప్లగ్గు బిగించేటప్పుడు నా కళ్లు గడియారం మీద ఉన్నాయి. చేతి అలవాటుతో తోసి తిప్పేశాను. చిన్న పనుల్లో నమ్మకంగా ఉండడం గురించి ఆ సాయంత్రం ముప్పావుగంట మాట్లాడాను. బాగా చెప్పానన్నారు.

ఆ ఆఖరి రైఫిల్ మా సంఘంవాడిదే. నలభై నాలుగేళ్ల కానిస్టేబుల్. నన్ను అన్నా అంటాడు. హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్ జాబితాలో పేరు చేరాలంటే ఈ ఫైరింగ్ పాస్ కావాలి. వచ్చే ఏటికి అతని వయసు దాటిపోతుంది. ఈసారి మాత్రమే అవకాశం.

సరుగుడు తోపుల వెనక రేంజ్‌లో అతను పడుకుని మొదటి గుండు కాల్చాడు. రెండోది పేలలేదు. నేర్పినట్టే చేత్తో హ్యాండిల్ లాగి, లోపల చూసి, గ్యాస్ రింగు రెండు క్లిక్కులు బిగించాడు. మళ్లీ ఒక్కటే పేలింది. ఇంకో రెండు క్లిక్కులు. అదీ అంతే. ఇక ప్రతి గుండుకూ హ్యాండిల్ లాగుతూ కాల్చసాగాడు.

వెనక నిలబడిన ఇన్‌స్పెక్టర్ గారు అరిచారు. "ఏందయ్యా, కాలుస్తా ఉండావా, బోరింగు కొడతా ఉండావా?"

వరసంతా నవ్వింది. టైమ్ అయిందని ఈల మోగేసరికి పదిలో నాలుగే కాల్చాడు.

నన్ను పిలిచారు. రైఫిల్ చేతికి తీసుకోగానే చూశాను, ప్లగ్గు తిరగబడి ఉంది. అందరికీ వీపు పెట్టి మోకాలి మీద కూర్చున్నాను. తూటా మొనతో పిన్ను నొక్కి ప్లగ్గును సరిగా తిప్పడానికి ఊపిరి పీల్చినంతసేపు కూడా పట్టలేదు. తరువాత ఐదు గుండ్లు కాల్చాను. ఐదూ ఆగకుండా పోయాయి.

"ఏంది సమస్య?" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

"రైఫిల్ బాగానే ఉంది సార్."

ఆ క్షణాన అందులో అబద్ధపు మాట ఒక్కటీ లేదు. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

"అయితే నువ్వు తుడవలేదన్నమాట" అన్నారు అతనితో.

"తుడిచినాను సార్. శుక్రవారం నేనే తుడిచినాను. ఇంకొక్క అవకాశం ఇప్పించండి సార్."

"ఆర్మరర్ చేతిలో నడిచింది నీ చేతిలో ఎందుకు నడవలా? పో, పక్కకు పో."

తిరుగు ప్రయాణంలో వ్యాన్‌లో నా పక్కనే కూర్చున్నాడు. "యాడ తప్పు చేసినానో చెప్పన్నా" అన్నాడు. "నాలుగు క్లిక్కులు బిగించినా గదా."

"పిస్టన్‌కు మసి ఉందేమో" అన్నాను.

"గీకి గీకి తుడిచినానే" అన్నాడు. కాసేపటికి తన అరచేతులు చూసుకున్నాడు.

మంగళవారం చెబుదామనుకున్నాను. బుధవారం ఇన్‌స్పెక్టర్ గారు లేరు, నాకు హాయిగా అనిపించింది. ప్రతి ఉదయం మోకరించాను గాని, ఆ ప్రార్థనలో ప్లగ్గు మాట రానివ్వలేదు. దేవునికి తెలియనట్టు చుట్టూ తిరిగి వేరే పాపాలు ఒప్పుకున్నాను. అలా ఆదివారం వచ్చింది.

రొట్టె పళ్లెం అతని వరుసకు తీసుకెళ్లాను. అతను తల వంచుకుని చేతులు ఒడిలోనే ఉంచుకున్నాడు. పళ్లెం అతన్ని దాటిపోయింది. చివర నా వంతు రొట్టె నేను తిన్నాను.

ఆరాధన అయ్యాక గుడి మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే ఎందుకు తీసుకోలేదని అడిగాను.

"తుడిచినానని సార్ ముందర గట్టిగా చెప్పినా గదన్నా. నిజంగా తుడిచుంటే ఎందుకు ఆగుద్ది? అబద్ధమాడినానేమో అని మనసు గుంజతా ఉంది. ఆ నోటితో ఎట్టా తినేది?"

అప్పుడు చెప్పాను. ప్లగ్గు సంగతి, కూటం తొందర, వీపు పెట్టి తిప్పడం, అన్నీ. అతను ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా విన్నాడు.

"నాకు చెప్తే ఏమొస్తాదన్నా?" అన్నాడు చివరికి. "సార్‌కు చెప్పు."

సోమవారం పొద్దున్నే జరిగిందంతా రాసిచ్చాను. ఇన్‌స్పెక్టర్ గారు రెండుసార్లు చదివారు.

"జాబితా శనివారం పోయిందయ్యా. శుక్రవారం వచ్చి చెప్పుంటే ఆపి ఉందును. మళ్లీ కాల్పించి ఉందును. ఇప్పుడు నీకు మెమో ఇవ్వడం తప్ప నేను చేసేదేముంది?"

మెమో ఇచ్చారు. సంతకం పెట్టి తీసుకున్నాను. ఆ శిక్ష అతనికి ఏ రకంగానూ పనికిరాలేదు.

సాయంత్రం అతని ఇంటికి వెళ్లి వాకిట్లో కూర్చున్నాను. జాబితా పోయిందని చెప్పాను. "సరే" అన్నాడు. ఆ తరువాత లోపలికి చూసి గొంతు తగ్గించాడు.

"ఒక పని చెయ్యన్నా. నేను తుడిచినానని మా ఇంటామెకు నువ్వే చెప్పు. నేను చెప్తే సాకులంటాది."

ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. తప్పు మీ ఆయనది కాదమ్మా, నాది అని చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూనే వింది.

"నువ్వు తుడవలేదని వారం నుంచి తిడతానే ఉండా" అంది భర్తతో. తరువాత నావైపు తిరిగింది. "ఆ పొద్దే చెప్పకపోతివే అన్నా."

సంఘ పెద్ద ఎవరింటికి వెళ్లినా, లేచేటప్పుడు 'ప్రార్థన చేసి పోండి' అనడం మావాళ్ల అలవాటు. నేను లేచాను. ఒక్క నిమిషం నిలబడ్డాను. వాళ్లిద్దరూ ఆ మాట అనలేదు. గేటు నేనే తీసుకుని బయటికి వచ్చాను.