సైరన్ వేళకి నీళ్లు

రాజరాజేశ్వరి ఖరగ్‌పూర్‌లోనే పుట్టింది, అక్కడి తెలుగు బడిలోనే పంతులమ్మ అయింది. గోదావరిని ఒక్కసారీ చూడలేదు. అయినా ఆమె రాసే కథలన్నిట్లో గోదావరి పారుతూనే ఉండేది. పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే, కిటికీలోంచి ఇంజన్ల పొగ చూస్తూ కూర్చునేది. పొగ కాస్త పల్చబడితే చాలు, అందులో లంకలు, పడవలు, తడిచీరతో రేవు మెట్లెక్కే పిల్ల కనబడేవి. బడి గంట కొట్టినా వినబడేది కాదు. పిల్లలకి అంతకన్నా ఏం కావాలి!

అరవైల నాటి మాట. రైల్వే హెడ్‌క్లర్కు వరాహనరసింహం గారికి ఊళ్లోనే ఝపటాపూర్ పేటలో ఇల్లుండేది. ఆఫీసులు ఒంటిపూటే కనక శనివారం మధ్యాహ్నాలు ఆయనింట్లో కథలు రాసేవాళ్లంతా చేరేవారు. అక్కడో నియమం. ఎవరి కథ వాళ్లు చదవకూడదు. ఇంకొకరు చదవాలి, రాసినవాళ్లు నోరు మూసుకుని వినాలి. ఇంతకన్నా శిక్ష ఉందా? ముద్దుగా రాసుకున్న వాక్యాలు పరాయి గొంతులో పడి నీళ్లు నమిలేవి.

ఓ శనివారం ఆమె కథ చదవడం ముగించి, వరాహనరసింహం గారు కళ్లజోడు తీశారు.

"బాగుందమ్మా రాజీ. అయితే ఆ రేవులో దిగితే కాలికి ఏటి తగుల్తాది? ఇసకా, బురదా?"

ఆమెకి తల కొట్టేసినట్టయింది. నియమం అడ్డొచ్చి బతికిపోయింది గానీ, లేకపోయినా చెప్పడానికేముంది? ఆ గదిలో చాలామంది కథల్లోని రేవులు పత్రికల్లో చూసినవే. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఒక్కరైనా నమ్మే కథ రాయాలి, లేకపోతే ఇక కలం ముట్టకూడదని దారిలోనే ఒట్టు పెట్టుకుంది.

నెలల తరబడి ఏమీ రాయలేదు.

పక్కవాటాలో పోలమ్మ ఉండేది. రైల్వే వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేసిన మొగుడు జ్వరంతో పోయి ఏళ్లయింది. అయినా సాయంత్రం వర్క్‌షాప్ సైరన్ వేళకి, అతను కాళ్లు కడుక్కోవడానికి గుమ్మం పక్కన బకెట్టుతో నీళ్లు పెట్టేది. రాజరాజేశ్వరి రోజూ చూస్తున్నదే. ఒక సాయంత్రం సైరన్ కూసింది, బకెట్లో ఎర్రటి ఆకాశం కదిలింది, ఆమె చూపు అక్కడే ఉండిపోయింది. గోదావరి మళ్లీ గుర్తుకి రాలేదు.

పోలమ్మ సంగతే పేరు మార్చి, ఊరు మార్చకుండా రాసింది. చదివే రోజున పోలమ్మని వెంటబెట్టుకెళ్లింది. చెప్పకుండా రాసినందుకు తిడుతుందేమో. అంతకన్నా, నమ్మదేమో.

పోలమ్మ గుమ్మంలో కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. చదవడం అయిపోయింది.

"ఆడొచ్చినాడా బాబూ?" అని అడిగింది వరాహనరసింహం గారిని.

"లేదమ్మా. కథ అక్కడితో అయిపోనాది."

"మరి నీల్లు పెట్టడం మానీసినాదేటి ఆ మనిసి?"

ఆయన రాజరాజేశ్వరి వైపు చూశారు. నియమం గియమం పక్కన పెట్టి ఆమె నోరు విప్పింది.

"మానలేదత్తా."

"అదీ. మానకూడదు." పోలమ్మ కొంగుతో కళ్లొత్తుకుని లేచింది. "ఎల్తాను పంతులమ్మా. సైరను ఏలయింది."

రాజరాజేశ్వరికి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. కథ మీద ఎవరేమంటారో వినడానికి ఆగకుండా పోలమ్మ వెనకే నడిచింది. ఆ సాయంత్రం కుళాయి దగ్గర బకెట్టుతో నీళ్లు ఆమే పట్టింది.