ఎదురు కొండ చూడని ఇంజినీరు

నేనొక పట్నాన్ని నాశనం చేశాను. అందులో జనం, సంత, ధాన్యం కొట్లు, బ్రహ్మాండమైన బురుజు ఉండేవి. అన్నీ పోయాయి. కంప్యూటర్లో పట్నమే కదా అని తేలిగ్గా తీసుకోకండి, అందులో పోయిన పరువు మాత్రం అసలుదే.

అప్పుడు నాకు కొత్తగా పెళ్లయింది. అత్తారిల్లు బళ్లారి కంటోన్మెంట్‌లో. మామగారు ఇంటిమీద మిద్దె వేయాలనుకుంటున్నారు. ప్లాను మేస్త్రీ చేత గీయిద్దామా, సివిల్ ఇంజినీరైన అల్లుడి చేతా అని ఇంకా తేల్చుకోలేదు. నేను మాత్రం అప్పటికే గీసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. స్నానాలగదికి వీధివైపు పెద్ద కిటికీ కూడా పెట్టాను, వెలుతురు బాగా వస్తుందని. ఆ ఇంట్లో నన్ను ఇంజినీరుగా ఎవరూ లెక్కచేయలేదు మరి. ఫ్యాను తిరక్కపోతే మాత్రం పిలిచేవారు.

ఆ ఆదివారం పొద్దున అందరం ఊళ్లో కొండమీదున్న కోట ఎక్కాం. ఆ కోట కథ మా వైపు చిన్నపిల్లలకైనా తెలుసు. కట్టిన ఇంజినీరు ఎదురు కొండ దీనికంటే ఎత్తని చూసుకోలేదట. అక్కడ ఫిరంగి పెడితే కోట పని అయిపోయినట్టే. అది తెలిసి అప్పటి ప్రభువు ఆయన్ను కోట గుమ్మంలోనే ఉరి తీయించాడట. దొరికిందే సందు అని నేను ఆ గుమ్మంలో నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను.

"కళ్లున్న వాడెవడైనా ముందు చుట్టూ చూసుకుంటాడు మామా! అదేం చదువండీ? నేనైతేనా..."

"సాకు బిడప్పా, ఎండెక్కుతాంది," అన్నారు మామగారు సగం కన్నడంలో, ఇక చాలు వదిలెయ్యమని.

నేను చాలించలేదు. మెట్లు దిగేదాకా ఆ మహానుభావుణ్ణి మళ్లీ మళ్లీ ఉరి తీస్తూనే ఉన్నాను.

భోజనాలయ్యాక మా మరదలు రేణుక ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. "బావా, పాతకాలం రాజ్యాలు కట్టే ఆట. ఆడతావా? చిన్న పల్లెతో మొదలుపెట్టాల. తిండి మిగిలితే జనం పెరుగుతారు. జనం పెరిగితే పల్లె పేట అవుతాది, పేట పట్నమవుతాది."

"ఊళ్లు కట్టేదాంట్లో ఇంజినీరుతోనే పోటీనా?" అని నవ్వాను. మామగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ప్లాను ఎవరిదో ఇక్కడే తేలిపోతుందనిపించింది.

ఒకరి తర్వాత ఒకరం ఆడాం. నేనొక కొండమీద పల్లె పెట్టి, దానికి మా ఊరి పేరే, కప్పగల్లు అని పెట్టాను. రేణుక ఎదురు కొండమీద కుండలు చేసేవాళ్ల ఇళ్లు నాలుగు వేసింది.

"ఆ కొండమీద కుండలేంది రేణుకా? నీళ్లు యాడుండాయి?"

"నా సంగతి ఉండనీ బావా. నీది చూసుకో."

నాదేం, దివ్యంగా ఉంది! బావి తవ్వించాను, సంత పెట్టాను, ధాన్యం నింపాను. బాకాలు మోగి పల్లె పేటయింది. తర్వాతి మెట్టుకి వర్తక పట్నమా, కోట పట్నమా అని అడిగింది ఆట. కోటే! పొలాల్లో ఉన్న జనాన్నంతా లాక్కొచ్చి రాళ్లు మోయించాను. తిండి తగ్గుతోందని ఎర్రక్షరాలు మొత్తుకున్నాయి. నేను గోడమీద గోడ లేపుతున్నాను.

నా భార్య భారతి కాఫీ తెచ్చి తెరలోకి తొంగిచూసింది. "ఏమండీ, ఆ ఎదురు కొండ ఎత్తుగా ఉండాది చూడండి."

"ఇంజినీరుకు చెప్తాండావా?" అని గ్లాసు అందుకున్నాను.

ఆ గ్లాసు ఖాళీ కాకముందే రేణుక కుండల పల్లె పేటయింది. పేటలో కార్ఖానా వెలిసింది. అందులోంచి బండరాళ్లు విసిరే యంత్రాలు బయటికొచ్చాయి. మొదటి రాయి నా ధాన్యం కొట్టుమీద, తర్వాతిది బురుజుమీద పడ్డాయి. నా సైనికులు పైకేసిన బాణాలు సగం దూరం పోయి తిరిగి వాళ్ల నెత్తినే పడ్డాయి.

"ఇది అన్యాయం! నా బాణాలు ఎందుకు పోవు?"

"నీ కొండ పొట్టిది బావా."

మామగారు గొంతు సవరించుకున్నారు. "ఏమప్పా అల్లుడూ, పొద్దున ఆ గుమ్మంలో నిలబడి ఎవుర్నో తిడితివే?"

అంతే. ఇల్లంతా పగలబడి నవ్వింది. భారతి అయితే కొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను. మిద్దె మేస్త్రీదే అనుకుని జేబులో కాగితాన్ని ఇంకా లోపలికి తోసేశాను.

సాయంత్రం మామగారే పిలిచారు. "మిద్దె ప్లాను నువ్వే గీయప్పా."

"నిజంగానా మామా?"

"ఊ. అయితే ముందు ఎదురింటి మిద్దెక్కి చూసి రా."

మళ్లీ నవ్వులు. నాకు ఒళ్లు మండింది, అయినా వెళ్లి ఎక్కాను. ఎక్కి మా ఇంటివైపు తిరిగి చూసి, అక్కడే కూలబడ్డాను. నేను పెట్టిన స్నానాలగది కిటికీ సరిగ్గా ఆ మిద్దె కిందకే వస్తోంది! అక్కడ వడియాలు ఎండబెట్టేవాళ్లందరికీ మా మామగారి స్నానం కన్నులపండువే.

గుట్టుచప్పుడు కాకుండా దిగొచ్చి ప్లానులో కిటికీని పెరటివైపుకి మార్చేశాను. మర్నాడు ఒక్కణ్ణే కోట ఎక్కి, చెప్పులు విప్పి, ఆ గుమ్మం సాక్షిగా ఒట్టు వేసుకున్నాను: ఎదురుగా ఏముందో చూడకుండా ఇటుక మీద ఇటుక పెట్టను, ఆ ఇంజినీరును జన్మలో ఒక్క మాట అనను. పాపం, ఆయన తప్పల్లా ఒకటే. కోట కట్టే ముందు మరదలితో ఒక ఆట ఆడి ఓడిపోలేదు.