వరసలో ఎనిమిదో జత

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు నవ్వొచ్చేది. నేను చదివింది ఇంటర్ వరకే, అందులోనూ ఒక సబ్జెక్టు పోయింది. అయినా చావు గురించి మాత్రం చాలామంది కంటే నాకు ఎక్కువే తెలుసనుకునేదాన్ని. న్యూజిలాండ్‌లో, పాపకూర అనే ఊళ్ళో ఒక రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే పని నాది. పొద్దున్నే పోయినవాళ్ళకి ఒళ్ళు తుడిచి, ఉతికిన బట్టలు తొడిగి, కిటికీ తెరిచి, తర్వాత వంటగదిలోకి వెళ్ళి టోస్టు తిన్న రోజులు చాలా ఉన్నాయి. ఏ గదిలోనూ నాకేమీ కనపడలేదు, వినపడలేదు.

అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను చూసి నేనే నవ్వుకోవాలి.

జరిగింది 2006లో, ఇక్కడి వేసవి చివర. మా అక్క రూతు హామిల్టన్‌లో ఆసుపత్రి నర్సు. నాకంటే ఏడేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అప్పట్నించీ నాకు జడలు వేసిందీ, బడికి పంపిందీ, చివరికి ఈ దేశం తీసుకొచ్చిందీ అక్కే. ఆ ఏడాది వాళ్ళ వార్డులో తీసిన లక్కీడిప్‌లో అక్క పేరు వచ్చింది. సౌత్ ఐలాండ్ కొండల్లో నాలుగు రోజుల నడక, ఇద్దరికి. గైడు, బస, భోజనం అన్నీ వాళ్ళవే. బావకి మోకాలి నొప్పి, పైగా వాళ్ళ పాప పింకీకి మూడేళ్ళే. అలా నేను వెళ్ళాను.

బావ ఎయిర్‌పోర్టు దాకా ఏడిపిస్తూనే ఉన్నాడు. "కారు లేకపోతే సందు చివర డైరీ కొట్టు దాకా వెళ్ళి పాలు తేలేరు, మీరు కొండలెక్కుతారా? పాపని నేను చూసుకుంటాలే గానీ, మిమ్మల్ని మోసుకొచ్చేవాళ్ళని మాట్లాడుకున్నారా?" అన్నాడు.

మాకు కొండబూట్లు లేవు. కంపెనీవాళ్ళే అందరికీ అద్దె బూట్లిచ్చారు. అన్నీ ఒకే రకం, మట్టిరంగు తోలువి. కలిసిపోకుండా మడమ వెనక తెల్ల పెయింటుతో నంబరు వేసుంటుంది. అక్కది 31, నాది 12. ఈ నంబర్లు నాకెందుకు గుర్తున్నాయో ముందుముందు తెలుస్తుంది.

మొత్తం ఏడుగురం. గైడు ఇయన్ యాభై దాటిన కివీ, అంటే ఇక్కడివాడే, పది మాటలకి ఒక మాట బదులిచ్చే రకం. ఇంగ్లండు నించి వచ్చిన రిటైరైన భార్యాభర్తలు, ఆస్ట్రేలియా నించి గ్యారీ అనే అతనూ, అతని స్నేహితుడూ, మేమిద్దరం. ఇయన్ పెట్టిన రూలు ఒక్కటే: అందరికంటే ముందు తను, తనని దాటి ఎవరూ వెళ్ళకూడదు. మాతో ఆ భయమే లేదు. మొదటి రోజు సరస్సు దాటి అడవిలోకి దిగినప్పట్నించీ ఆఖరున మేమే. గంటలో అక్క మడమ బొబ్బెక్కింది.

"ఇవి బూట్లు కాదే, ఎవరో నా కాళ్ళకి ఇటుకలు కట్టారు" అని సణుగుతూనే నడిచింది. సణుగుడు ఆపితే పింకీ కబుర్లు. అవీ అయిపోతే చర్చి పాటలు.

సాయంత్రం మొదటి హట్‌కి చేరాం. హట్ అంటే కొండల్లో నడిచేవాళ్ళు ఆగే చెక్క ఇల్లు. అది మా కంపెనీది, మేం తప్ప ఇంకెవరూ లేరు. బూట్లు బయట వరండాలో విప్పి లోపలికెళ్ళాలి. ఆ పద్ధతి మాకు కొత్తేమీ కాదు. కానీ తెల్లవాళ్ళు ఎక్కడివక్కడ విసిరేసి పోతారు. నేను చూసి ఊరుకోలేను. మా ఇంట్లో చెప్పు తిరగబడి ఉంటే అమ్మ అన్నం పెట్టేది కాదు. ఆ అలవాటుతోనే రెస్ట్‌హోమ్‌లో కూడా అందరి స్లిప్పర్లూ సర్దేదాన్ని. ఇక్కడా వంగి జతలు జతలుగా వరస పెట్టాను.

ఎనిమిది జతలొచ్చాయి.

ఎనిమిదోది వరండా మూలన, ముందుభాగం గోడకి ఆనించి ఉంది. అదే రకం, అదే రంగు. మడమ దగ్గర పెయింటు అరిగిపోయి నంబరు కనపడలేదు. ముట్టుకుంటే తడి. ఆ రోజు వాన లేదు, మేం వాగు దాటింది వంతెన మీద. ఇయన్‌ని పిలిచి చూపించాను. మాకు ముందు వచ్చిన గుంపులో ఎవరో వదిలేసి ఉంటారని, వెళ్ళేటప్పుడు ఆఫీసుకి రేడియోలో చెబుతానని అన్నాడు. వాటిని తీసుకెళ్ళి బయట కట్టెల గూట్లో పెట్టాడు. నేను చూస్తుండగానే పెట్టాడు.

రెండో రోజంతా లోయ వెంట పైకి నడక. చెట్లు అయిపోయి గడ్డి మొదలైంది. రెండో హట్ చేరేసరికి మధ్యాహ్నం మూడు. బూట్లు విప్పుతూ మూలకి చూశాను. అదే జత ఉంది. గోడ వైపు తిరిగి, తడిగా.

భయం వెయ్యలేదు, నిజం చెబుతున్నా. కోపం వచ్చింది. గ్యారీ దారిపొడుగునా జోకులు వేసే మనిషి, అతని సంచీ అందరికంటే పెద్దది. నన్ను ఆటపట్టించడానికి మోసుకొచ్చాడని ఖాయం చేసుకున్నాను. పట్టించుకున్నట్టు కనపడితే ఇంకా రెచ్చిపోతాడు కదా. అందుకని ఇయన్‌కి చెప్పలేదు. మాట్లాడకుండా ఆ జతని మూల నించి తీసి, మా వరసలోకి తెచ్చి, అందరివాటిలాగే బయటికి తిప్పి, అక్క జతకీ నా జతకీ మధ్యలో పెట్టాను. నీళ్ళు నిండినట్టు బరువుగా ఉన్నాయి. నా అరచేతులు చాలాసేపు చల్లగానే ఉండిపోయాయి.

లోపల నించి అక్క, తలుపు తియ్యకుండానే, "ఇక్కడ కూడా మొదలెట్టావా చెప్పులు సర్దడం? లోపలికి రావే దీవెనా, సూపు చల్లారిపోతోంది" అంది.

మూడో రోజు కనుమ దాటాలి. మధ్యాహ్నానికి వాతావరణం పాడవుతుందని ఇయన్ అందరినీ తెల్లవారకముందే లేపాడు. వరండాలో మసక వెలుతురు, పైగా పొగమంచు. అందరం ఒకరినొకరు తోసుకుంటూ బూట్లు వేసుకున్నాం. నేను లేస్ కట్టుకుని లేచేసరికి వరండాలో ఒక జత మిగిలి ఉంది. ఆ జోకు జతే అనుకున్నాను. వంగి నంబరు చూసి ఉంటే సరిపోయేది. చూడలేదు.

నడక మొదలైన పది నిమిషాలకే తేడా తెలిసింది. అక్క నా పక్కన లేదు. ఇయన్ వెనకాలే, అతని మడమ తొక్కుతుందేమో అన్నంత దగ్గరగా ఎక్కుతోంది. ముందు అందరం నవ్వాం. గ్యారీ చప్పట్లు కొట్టాడు. మా అక్కకి ఇవాళ ఇల్లు గుర్తొచ్చిందని నేనూ అన్నాను. కానీ ఆవిడ నవ్వలేదు, వెనక్కి చూడలేదు. రెండు చోట్ల బిస్కెట్ల కోసం ఆగితే కూర్చోలేదు. నేను టీ ఇవ్వబోతే కప్పు అందుకోలేదు. నిన్నటిదాకా కుంటిన మనిషి కుంటడమే లేదు. నోట మాట లేదు, పాట లేదు.

వినపడిందల్లా బూట్ల చప్పుడు. బూటులో నీళ్ళుంటే చవుక్, చవుక్ అంటుందే, అది. మిగతావాళ్ళ బూట్లు పొడిగా గులకరాళ్ళ మీద కరకరలాడుతున్నాయి.

కనుమ మీదికి చేరేసరికి పదడుగుల అవతల మనిషి కనపడటం లేదు. దారి తప్పకుండా అక్కడ కర్రలు పాతి, నారింజరంగు వేశారు. అందరూ వానకోట్లు తొడుక్కున్నాక ఇయన్ లెక్కపెట్టాడు. తనతో కలిపి ఆరుగురం.

ఇయన్ విజిల్ ఊదాడు, ఆగి విన్నాడు, మళ్ళీ ఊదాడు. ఎవరూ కర్ర దగ్గర నించి కదలొద్దన్నాడు. అతను కుడివైపు వెళ్ళాడు. నాకు ఎడమవైపు నించి చవుక్, చవుక్ వినపడింది. నేను ఆగలేదు. పింకీకి ఏం చెప్పాలి అన్నదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది.

ముప్పై అడుగుల దూరంలో దొరికింది. పరిగెత్తడం లేదు. బజారుకి వెళ్తున్నట్టు, తీరిగ్గా, తిన్నగా నడుస్తోంది. పిలిస్తే తిరగలేదు. వీపు సంచీ పట్టి వెనక్కి లాగాను. నేను ఎనభై, తొంభై కేజీల మనుషుల్ని మంచం మీద పక్కకి తిప్పేదాన్ని. అక్క నా భుజం దాటని మనిషి. నన్ను ఈడ్చుకుంటూ వెళ్ళింది.

అప్పుడు మాట్లాడింది. గొంతు ఆవిడదే, ఏడుస్తోంది.

"నేను కాదే, దీవెనా. కాళ్ళు ఆగట్లేదు."

నేల మీద పడి రెండు మోకాళ్ళూ వాటేసుకున్నాను. నా ముఖం పక్కనే ఆవిడ మడమ. పెయింటు అరిగిపోయిన తెల్ల మరక, నంబరు లేదు. లేస్ ముడి తడికి బిగుసుకుపోయింది, గోళ్ళు విరిగినా రాలేదు. నేను అరుస్తూనే ఉన్నాను. ఇయన్ వచ్చి, అడగకుండా, చాకు తీసి లేసులు కోసేశాడు. రెండో బూటు ఊడగానే అక్క కూలబడిపోయింది.

బూటు వంచితే నీళ్ళు కారాయి. అక్క సాక్సులు పొడిగా ఉన్నాయి. నేను చేత్తో పట్టుకుని చూశాను. ఇయన్ కూడా పట్టుకుని చూశాడు.

అంతలో పొగమంచు కాస్త జరిగింది. మా ముందు నేల రెండడుగులే ఉంది. ఆ తర్వాత లేదు.

అక్క మిగతా కొండంతా ఇంటి నించి తెచ్చుకున్న బాత్రూమ్ చెప్పులతో, రెండు జతల సాక్సులతో దిగింది. సంచీ గ్యారీ మోశాడు. ఆ బూట్లని నువ్వే మోసుకొచ్చావా అని అతన్ని నేరుగా అడిగాను. ఏ బూట్లు అన్నాడు. ముఖం చూస్తే అబద్ధంలా లేదు.

ఇయన్ మాత్రం ఆ జతని అక్కడే వదిలేశాడు. యాపిల్ గింజ పారేసినా ఏరి సంచీలో వేసుకునే మనిషి ఆయన. మేం లేచాక వాటివైపు తిరిగి కూడా చూడలేదు.

కింద ఆఫీసులో ఇదంతా చలి వల్లా, నీరసం వల్లా అన్నారు. అలాంటప్పుడు మనిషికి సోయి ఉండదట. ఇయన్ కూడా తల ఊపాడు. అక్క నర్సు కాబట్టి షుగర్ పడిపోయి ఉంటుందని తనే ఒప్పేసుకుంది. రెండు వారాల తర్వాత కంపెనీ నించి ఫోన్ వచ్చింది, రెండో హట్ వరండాలో 31 నంబరు జత దొరికిందని, పొడిగా ఉందని. ఎనిమిదో జత గురించి నేనడిగితే, వాళ్ళ లెక్కలో ఏ జతా తగ్గలేదన్నారు.

తిరుగు విమానంలో అక్క కిటికీలోంచి చూస్తూ ఒకే ఒక్కసారి అడిగింది. "వాటిని నా పక్కన పెట్టిందెవరే?"

"నాకేం తెలుసక్కా" అన్నాను.

ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. గోడవైపు తిరిగి ఉన్నవాటిని అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో, అవి ఎవరివో, ఎక్కడికి వెళ్తున్నాయో, అక్కనే ఎందుకు తీసుకెళ్ళాయో ఇప్పటికీ నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెగడం లేదు. తెలిసింది ఒక్కటే, అదీ ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. అక్క ఇలాంటివి వదలకుండా చదువుతుంది.

నేనే పెట్టానక్కా.