మెడలో దాగిన నిద్ర

అమ్మమ్మ మూడో తరగతి తప్పింది గానీ, వైద్య కళాశాలలో శవాలు కోసే గదిలో ముప్పై రెండేళ్లు పనిచేసింది. కోతకు ముందు ప్రతి శవం మెడ మీదా రెండు వేళ్లు ఆనించి, "లేస్తావా, పడుకుంటావా?" అని అడిగేది. విద్యార్థులు ముసిముసిగా నవ్వేవాళ్లు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ముసలి ప్రొఫెసరు పాఠాలన్నీ నేల తుడుస్తూనే వినేసింది. వాటిలో ఒకటి ఆవిడను వదల్లేదు. మెడకు రెండు పక్కలా పైకెళ్లే పెద్ద రక్తనాళం పేరు కరోటిడ్. అది గ్రీకుల మాట. వాళ్ల భాషలో 'కారోస్' అంటే మొద్దునిద్ర. అక్కడ నొక్కితే మనిషి మత్తులో పడతాడని కనిపెట్టి ఆ పేరు పెట్టారట. "ఎక్కువసేపు నొక్కితే మాత్రం ఆ నిద్రకు తెల్లారదు," అన్నాడు ప్రొఫెసరు.

ఈ సంగతి కూరలమ్మే ఆమెకీ పాలవాడికీ చెప్పి చెప్పి, చివరికి చిన్నల్లుడికీ చెప్పింది. వాడు పగలబడి నవ్వాడు. "పీనుగుల దగ్గర చదువుకున్నావా అత్తా?"

ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి చిన్నకూతురి ఇంటికి వెళ్లేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. అల్లుడు పిన్నిని వంటగట్టుకు అదిమి గొంతు పిసుకుతున్నాడు. పిన్ని పెదవి చిట్లి గిన్నెల మీద నెత్తురు కారుతోంది. కాళ్లు గాల్లో కొట్టుకుంటున్నాయి.

అమ్మమ్మ రోకలిబండ ఎత్తి వాడి మోచేతి మీద దించింది. ఎముక పటుక్కుమంది. వాడు తిరిగి ఒక్క గుద్దు గుద్దితే ఆవిడ ముందరి పళ్లు రెండూ ఎగిరిపడ్డాయి. రెండో గుద్దుకు దూకబోయి, తను చిందించిన నెత్తురు మీదే జారి మోకాళ్ల మీద పడ్డాడు. అంతే, వెనక నుంచి అమ్మమ్మ చెయ్యి వాడి మెడ చుట్టూ బిగుసుకుంది.

వాడు రక్కాడు, కరిచాడు, తన్నాడు. చివరికి తడిగుడ్డలా వేలాడాడు. ఆవిడ చెయ్యి మాత్రం వదల్లేదు.

"అమ్మా, వదులు!" బొంగురుపోయిన గొంతుతో అరిచింది పిన్ని.

"ఇన్నేళ్లూ నువ్వు వదలమంటే వాడు వదిలాడటే?"

"వాడు చస్తే నువ్వు జైలుకి పోతావు. నాకెవరున్నారే అమ్మా!"

చెయ్యి సడలింది. అల్లుడు నేల మీద పడ్డాడు. అమ్మమ్మ అలవాటుగా వాడి మెడ మీద రెండు వేళ్లు ఆనించింది.

"లేస్తావా, పడుకుంటావా?"

నాడి టకటకా కొట్టుకుంది.

"లేస్తానంటున్నాడు, వెధవ," అని నెత్తురు ఉమ్మి, తన డ్యూటీ సంచిలోంచి శవాలకు కుట్లు వేసే దారం తీసింది. వాడు కళ్లు తెరిచేలోగా కాళ్లూ చేతులూ బిగించేసింది.

పోలీసులు వచ్చేసరికి అల్లుడి కాలి బొటనవేలికి శవాలకు కట్టే చీటీ ఒకటి వేలాడుతోంది. దాని మీద అమ్మమ్మ కోడిగీతల రాత:

"ఈసారికి నిద్రే."