తెగులు పట్టని మిరప మొక్కలు

ఆ రోజుల్లో మనుషుల మాటలకంటే ఆకుల మాటలే నాకు బాగా వినిపిస్తాయన్న భ్రమ ఒకటి ఉండేది. (ఇంట్లో అమ్మ మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవాణ్ణి కాదు, అది వేరే సంగతి.) మడికొండ దగ్గర పాలిథిన్ షెడ్డులో డాక్టరేటు పట్టా కోసం మిరప మొక్కల మీద ప్రయోగం చేస్తున్నాను. ఒక ఆకుకు మచ్చ తెగులు అంటిస్తే, అది మిగతా ఆకులకు కబురు పంపుతుంది. అవి ముందే జాగ్రత్తపడి, తర్వాత తెగులుకు లొంగవు. ఇది నిరూపించాలంటే ఆ కబురు అందని మొక్కలు కొన్ని విడిగా ఉండాలి, వాటికి తెగులు గట్టిగా పట్టాలి. మధ్యాహ్నాలు ఆ పచ్చటి వెలుగులో కూర్చుంటే నేను ఏ ఊళ్లో ఉన్నానో కూడా మర్చిపోయేవాణ్ణి.

అయితే ఆ విడి మొక్కలకు ఎంత తెగులు అంటించినా ఒక్క మచ్చ పడలేదు. మా సారు చూసి, "ఇంకోసారి ఇట్లనే అయితే ఈ ఏడు పట్టా సంగతి మర్చిపో" అన్నారు. నాకు అన్నం సయించలేదు. మర్నాడు వాటి మధ్యే కళ్లు మూసుకుని కూర్చుంటే ఘాటైన వాసన తగిలింది. షెడ్డులో నీళ్లు పోసే పెద్దమ్మ ఆ మొక్కల పక్కనే చాప పరచుకుని మోకాళ్లకు నొప్పుల బామ్ రాసుకుంటోంది. రోజూ అక్కడేనట. అప్పుడు తట్టింది: జబ్బు ఆకు గాలిలో పంపే కబురూ, ఆ బామ్‌లో ఘాటైన సరుకూ ఒకటే! పెద్దమ్మ మోకాళ్లే నా మొక్కలను హెచ్చరిస్తున్నాయి. ఆమెకు సంగతి చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా బామ్‌తోని మొక్కలు ఖరాబైనయా బిడ్డా?"

"ఖరాబు కాలే పెద్దమ్మా, మస్తు మంచిగున్నయి."

"మరి మంచిగుంటే ఏడుత్తానవేంది?"

ఈ మొక్కలకు రోగం వస్తేనే నాకు పట్టా వస్తుందని చెప్పాను. పాపం, ఆమె షెడ్డులో బామ్ మానేసింది. కొత్త మొక్కలు పెట్టి మళ్లీ మొదలుపెట్టిన నెలన్నరా కుంటుకుంటూనే నీళ్లు పోసింది. పొద్దున్నే, "రోగం అచ్చిందా బిడ్డా?" అని నాకంటే ఆశగా అడిగేది.

చివరికి రోగం వచ్చింది. నేను గంతులేస్తుంటే, ఆమె మచ్చలుపడ్డ ఆకును వేలితో నిమిరి, "నీ పని అయిపాయె గదా, ఇగ వీటికి జర మందు గొట్టు" అంది.

"కొడత పెద్దమ్మా" అన్నాను. ఆ సాయంత్రమే, పద్ధతి ప్రకారం, అన్నీ పీకి కాల్చేశాం. మర్నాడు ఖాళీ కుండీలు చూసి ఆమె అడిగితే, బాగుచేసి రైతులకిచ్చామని అబద్ధమాడాను. నమ్మింది. ఎంత సంతోషపడిందో.

ఇప్పుడు సుబేదారిలోని వ్యవసాయ ఆఫీసులో కూర్చుని రైతులకు ఏ తెగులుకు ఏ మందో చెబుతుంటాను. ఎవరైనా జబ్బు ఆకు బల్ల మీద పెడితే చాలు, నా చేయి కలం మీదికి పోతుంది. "కూసోని ఇంకా చెప్పనే లేదు, గంత తొందరేంది సారూ?" అంటారు వాళ్లు. నవ్వి, మందు రాయడం మాత్రం ఆపను.