జెన్యూన్ కాని చావు

2005 వేసవి. అప్పుడు నేను రాయదుర్గంలో ఒక దినపత్రికకు విలేకరిని. ఆ రోజుల్లో మా వార్తల్లో ఒక ఇంగ్లీషు మాట తరచూ వచ్చేది: జెన్యూన్. రైతు ఆత్మహత్య చేసుకుంటే అధికారుల కమిటీ ఊరికి వచ్చి విచారించేది. చనిపోయినవాడు సేద్యం చేసేవాడేనని, అప్పులే కారణమని తేలితే అది జెన్యూన్. కుటుంబానికి పరిహారం వచ్చేది. లేకపోతే నాన్ జెన్యూన్. పత్రికలో మేమూ అలాగే రాసేవాళ్లం.

గుమ్మఘట్ట మండలంలో ఒక పల్లె. అక్కడ తిప్పేస్వామి అనే రైతు ఆత్మహత్య చేసుకున్న కొన్ని వారాలకు కమిటీ వస్తోందని తెలిసి ఫాలో అప్ కోసం వెళ్లాను. మొదటి వార్త తర్వాత ఏం జరిగిందో రాయడాన్ని మేము అలా అంటాం. అతని భార్య సుంకమ్మ బడి వరండాలో కూర్చుని ఉంది.

“అన్నా, జెన్యూన్ అంటే ఏంది? అందరూ అదే అంటాండారు.”

“నిజమైనది అనమ్మా.”

“ఆయన సచ్చిపోయింది నిజమే కదా. ఇంగేం చూస్తారు?”

చూసేది చేనుని. తిప్పేస్వామి ఏటా వేరుశనగ వేసిన చేను తండ్రి ఈరన్న పేరున ఉంది. నా కొడుకే సేద్యం చేసినాడని ఈరన్న ఒక్క మాట చెప్తే చాలు.

కమిటీ వచ్చింది. ఈరన్న బడి మెట్టు మీద కూర్చున్నాడు. తిప్పేస్వామి కూతురు, ఇంకా మాటలు సరిగా రాని పిల్ల, పాక్కుంటూ పోయి తాత మోకాలెక్కింది.

“నీ చేను ఎవరు చేస్తున్నారు?” అధికారి అడిగాడు.

ఈరన్న పిల్లను కిందికి దించాడు. “నేనే సార్. వాడు కూలికి పోతాండె.”

“ఏమప్పా ఈరన్నా, పోయినేడు విత్తనమేసింది దయ్యమా?” వెనక నుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు.

“ఎవరది? ముందుకొచ్చి సాక్ష్యం చెప్పండి” అన్నాడు అధికారి. ఎవరూ కదల్లేదు.

“మామా, ఆ పిల్ల మొగం చూసి చెప్పు” అంది సుంకమ్మ. ఈరన్న చూడలేదు.

కమిటీ వెళ్లాక, ఎందుకలా చెప్పావని ఈరన్నను అడిగాను.

“వాడే చేసినాడంటే రేపు ఆయమ్మి చేన్లో భాగం అడగదా? ఇంగో కొడుకు ఉండాడు నాకు. సచ్చినోడికి చేనెందుకప్పా?”

నాన్ జెన్యూన్ అని తేల్చారు. పిల్లను తీసుకుని సుంకమ్మ బళ్లారి వైపు కూలి పనికి పోయిందని తర్వాత విన్నాను.

జెన్యూన్ అన్న మాట ఎక్కడిదో తేల్చుకోవాలనిపించి, అనంతపురం వెళ్లినప్పుడు ఆఫీసులోని పెద్ద నిఘంటువు తిరగేశాను. లాటిన్ నుంచి వచ్చిందట. పుట్టుక అని అర్థమిచ్చే ధాతువే దానికి మూలమని కొందరి వాదన. మోకాలు అనే మాట నుంచి పుట్టిందని మరికొందరి వాదన: వెనకటి రోమ్‌లో తండ్రి పసిబిడ్డను మోకాలి మీదికి తీసుకుంటే తన బిడ్డేనని ఒప్పుకున్నట్టు. ఏది సరైనదో పండితులకు వదిలేశాను. నాకు మాత్రం బడి మెట్టు కనిపించింది.

విచారణల్లో తేలేది చనిపోయినవాడి సంగతేనని అంతకుముందు అనుకునేవాణ్ణి. అతన్ని తమవాడని చెప్పడానికి బతికున్నవాళ్లలో ఎవరు సిద్ధంగా ఉన్నారో, చాలాసార్లు తేలేది అంతే. ఆ తర్వాత ఏ చావు ముందూ జెన్యూన్ అన్న మాట రాయలేదు. ఎవరు ఏం చెప్పారో, ఎవరు చెప్పలేదో రాశాను.